నెత్తురుగడ్డ మరణములు: వైద్యశాలల కర్తవ్యము

మా బల్లమీద రెండు కాగితములున్నవి. మొదటిది ఒక పెద్ద వైద్యశాల అత్యవసర విభాగమున రోగి పేరు నమోదు చేసికొని యిచ్చిన చీటి. దానిపై ముద్రితమైన వేళ ఉదయము 6 గంటల 40 నిమిషములు. రెండవది అదే వైద్యశాలలో ఛాతీ స్కానునకు సొమ్ము కట్టించుకొన్న రసీదు. దాని వేళ 10 గంటల 25 నిమిషములు. ఈ రెండు వేళల నడుమ రోగికి ప్రాణవాయువు పెట్టిరి, సెలైను ఎక్కించిరి, ఇ.సి.జి. రెండుమారులు తీసిరి. నెత్తురు గడ్డకట్టుటను అరికట్టు మందు మాత్రము ఒక చుక్కయైన ఈయలేదు. 11 గంటలు కాకమునుపే స్కాను గది వాకిట, తోపుడుమంచము మీదనే, ఆయన ప్రాణము విడిచెను.

ఆ రోగి మాకు చిరపరిచితమగు కుటుంబమునకు చెందిన డెల్టా రైతు. వయస్సు 58 సంవత్సరములు. కాలువగట్టుమీద కాలుజారి పడి తుంటియెముక విరుగగొట్టుకొనెను. శస్త్రచికిత్స చక్కగనే జరిగినది. ఎనిమిదవ దినమున ఇంటికి పంపిరి. ఎముక అతుకుటకు, నొప్పి తగ్గుటకు, కడుపు మండకుండుటకు మాత్రలు వ్రాసియిచ్చిరి. పందొమ్మిదవ దినమున తెల్లవారుజామున పెరటిలోనికి పోవుటకు లేచిన మనిషి ఊపిరాడక చతికిలబడెను. అంతకు మూడు దినములనుండి పిక్క బిగిసి వాచియుండెననియు, ఇంటివారు వేడినూనె రాచి మర్దనము చేయుచుండిరనియు కుమారుడు మాతో చెప్పెను. వైద్యశాల పేరును మేము ప్రకటింపము, కుమారుడును కోరలేదు. ఆ పేరు తీసి మరియొక పేరు పెట్టినను ఈ కథ మారకపోవచ్చునను భయమే ఈ వ్యాసమునకు కారణము.

ఆనాడు విధిలోనున్న యువవైద్యుడు తరువాత ఆ కుమారునితో నిజాయితీగనే మాట్లాడెనట. ఊపిరితిత్తులలో నెత్తురుగడ్డ అడ్డుపడియుండునను అనుమానము ఏడుగంటలకే కలిగినది. కాని రూఢియగువరకు మందీయరాదని యూరకుండిరి. రూఢియగుటకు స్కాను కావలెను. స్కానునకు సొమ్ము కావలెను. సొమ్మునకు కుమారుడు ఊరినుండి రావలెను. ఈ గొలుసులో ఏ లంకెవద్దను ఒక దుర్మార్గుడు కనబడడు. అందరును అలవాటైన పద్ధతి ప్రకారమే నడచుకొనిరి. మనిషి మాత్రము చనిపోయెను.

ఇంగ్లీషు వైద్యులు ఈ వ్యాధిని పల్మనరీ ఎంబాలిజమ్ అందురు. గుండెపోటును, పక్షవాతమును ఎరుగని గృహస్థుడు లేడు. వానికి మూడవ తోడుగనున్న దీని పేరును చదువుకొన్నవారిలో సైతము పలువురెరుగరు. దీని పుట్టుక ఊపిరితిత్తులలో కాదు, తరచుగా కాళ్ళలో. మనుష్యుడు నడచునప్పుడు పిక్క కండరములు బిగియుచు, సడలుచు లోపలి సిరలలోని నెత్తురును పైకి త్రోయుచుండును. మంచముపట్టినవానికి ఆ త్రోపు లేదు. పారుదలలేని కాలువలో నీరు నిలిచినచోట నాచు పేరుకొనునట్లు, నిలిచిన నెత్తురు సిరలోపల గడ్డకట్టును. ఆ గడ్డ తెగి, ఉదరములోని పెద్దసిరగుండ గుండె కుడిభాగమును చేరి, అచ్చటనుండి ఊపిరితిత్తుల ధమనిలోనికి పోయి అడ్డుపడును. గడ్డ చిన్నదైన ప్రక్కనొప్పి, ఆయాసము, ఒక్కొక్కప్పుడు దగ్గుతో నెత్తురు కనబడును. పెద్దదైన, మూసిన తూముమీదికి వరద వచ్చినట్లు గుండె కుడిగది ఉబ్బి, ఎదురొత్తిడికి ఓర్వలేక క్రుంగిపోవును, రక్తపుపోటు పడిపోవును, కొందరు గంటలోపలనే మరణింతురు.

జర్మను వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 19వ శతాబ్ది నడిమికాలముననే ఈ మార్గమును వెల్లడించి, గడ్డకును, దాని ప్రయాణమునకును ఇప్పటికిని వాడుకలోనున్న పేర్లు పెట్టెను. నెత్తురు పారుదల మందగించుట, నాళపు గోడకు దెబ్బతగులుట, నెత్తురునకే గడ్డకట్టు స్వభావము హెచ్చుట అని ఆయన పేర చెప్పుకొను మూడు కారణములును తుంటి శస్త్రచికిత్స జరిగినవానియందు ఒక్కచోట కూడియుండును. ఆయన పుట్టినదినమగు అక్టోబరు 13వ తేదీని 2014 నుండి ప్రపంచ థ్రాంబోసిస్ దినముగ పాటించుచున్నారు. దినములు పాటించుటలో మనకెన్నడును లోటులేదు.

మందును కొత్తది కాదు. హెపారిన్ 1916లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున జే మెక్లీన్ అను వైద్యవిద్యార్థి చేసిన పరిశోధననుండి బయలుదేరెను. 1930లలో రోగులకిచ్చుట మొదలైనది. వార్ఫరిన్ కథ రైతులు వినదగినది. బూజుపట్టిన స్వీట్ క్లోవర్ అను గడ్డి మేసిన పశువులు నెత్తురు కారి చచ్చుచుండగా, విస్కాన్సిన్‌లో కార్ల్ పాల్ లింక్ పరివారము ఆ గడ్డిలోని దోషపదార్థమును 1940 ప్రాంతమున వేరుచేసిరి. ఆ జాతికే చెందిన వార్ఫరిన్ 1948లో ఎలుకలమందుగ అంగడికెక్కి, 1954లో మనుష్యులకు ఔషధమైనది. ఇక 1960లో బ్రిస్టలు నగరమున బారిట్, జోర్డాన్ అను ఇద్దరు వైద్యులు ఈ వ్యాధిగల 35గురిని రెండు పాళ్ళుగ విభజించి చూచిరి. మందీయని 19గురిలో ఐదుగురు గడ్డచేతనే చనిపోయిరి. మరి ఐదుగురికి వ్యాధి తిరుగబెట్టినది. మందిచ్చిన 16గురిలో గడ్డచేత ఒక్కడును చనిపోలేదు. ఇక మందీయక విడుచుట న్యాయము కాదని ఆ పోలికను అంతటితో నిలిపివేసిరి.

ఇచ్చట పాఠకులు ఒక్క విషయమును గమనింపవలెను. ఆ దినములలో నేటి స్కాను యంత్రము లేదు. బారిట్, జోర్డానులు రోగిని చూచి, లక్షణములను బట్టియే వ్యాధిని నిర్ణయించి మందు మొదలుపెట్టిరి. అరువదియేండ్లకు మించిన తరువాత, వారికంటె వేయిరెట్లు సాధనసంపత్తిగల వైద్యశాలలో, యంత్రము రూఢిచేయలేదను కారణమున మందు ఆగినది. సాధనము ఆలోచనకు తోడుగ నుండవలసినదిగాని ఆలోచనకు మారుగ నుండవలసినది కాదు.

మనదేశమున ఈ వ్యాధి ఎందరిని చంపుచున్నదో చెప్పు లెక్క దొరకుట దుర్లభము. 2020లో మనదేశమున నమోదైన మరణములలో కారణమును వైద్యుడు ధ్రువపరచినవి నూటికి 22.5 మాత్రమే. ధ్రువపరచినదానిలోనైనను ఏమున్నది? మేము చెప్పిన రైతు మరణపత్రములో "గుండె, ఊపిరి ఆగుట" అని కలదు. గుండె ఆగక చనిపోయినవాడెవడు? చండీగఢ్‌లోని పి.జి.ఐ. వైద్యులు 2008లో ప్రకటించిన వ్యాసమున 1,000 శవపరీక్షలలో 159 యందు ఈ గడ్డ కనబడినట్లు వ్రాసిరి. శవపరీక్షకు వచ్చునవి చిక్కుకేసులు గావున ఆ లెక్కను దేశమంతటికిని పరచి చెప్పరాదు. కాని ఇది తెల్లవారి జబ్బు, మనవారికి రాదు, అని చిరకాలము వైద్యులలో చెప్పుకొనిన మాటకు అది తగిన జవాబు. ఇంకను స్పష్టమైన సాక్ష్యము కలదు. 2008లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఎండార్స్ పరిశీలన 32 దేశములలో 68,183 మంది రోగులను చూచినది. అందలి భారతదేశపు లెక్కలు 2012లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చి పత్రికలో ప్రకటింపబడెను. వ్రాసినవారిలో మన హైదరాబాదు నిమ్స్‌కు చెందినవారును కలరు. 10 ఆసుపత్రులలో 2,058 మంది రోగులను చూడగా సగముకంటె కొంచెమెక్కువమందికి గడ్డకట్టు అపాయము కలదని తేలినది. అట్టివారిలో శాస్త్రానుసారమగు నివారణచికిత్స పొందినవారు నూటికి 17 మంది. ప్రపంచపు మొత్తములో ఆ సంఖ్య నూటికి 50. పెద్ద ఆసుపత్రుల గతియే ఇట్లున్నప్పుడు చిన్నవానిని గురించి వేరుగ చెప్పవలెనా?

కోవిడు వచ్చి ఒక విచిత్రము చేసినది. 2020, 2021 సంవత్సరములలో ఆ జబ్బున నెత్తురు గడ్డకట్టుట హెచ్చుగ కనబడినందున, బొడ్డుచుట్టు పొడుచు హెపారిన్ జాతి సూది పట్టణములలో ఇంటింటికి తెలిసినది. డి-డైమరు అను పరీక్ష పేరు మన తెలుగువారి వంటయింటివరకు వచ్చినది. ఆ సంఖ్య ఇంత వచ్చినది, అంత వచ్చినదని బంధువులు ఫోనులలో చెప్పుకొని కలతపడిరి. ఆ పరీక్ష అర్థమేమో మాత్రము పలువురు తెలిసికొనలేదు. అనుమానము స్వల్పముగ నున్నప్పుడు ఆ సంఖ్య తక్కువ వచ్చినచో గడ్డ లేదని దాదాపు నిశ్చయింపవచ్చును. ఎక్కువ వచ్చినంతమాత్రమున గడ్డ ఉన్నదనుటకు వీలులేదు. శస్త్రచికిత్స తరువాత, గర్భమున, జ్వరమున, వయస్సు మీరినప్పుడు అది ఎట్లును పెరుగును. ఎక్కువ వచ్చిన ప్రతివానిని స్కానునకు పంపి సొమ్ము గుంజుట ఒక తప్పు. తుంటి విరిగి మూడువారములైనవానికి ఆయాసము రాగా ఈ పరీక్ష ఫలితమునకై కాచుకొని కూర్చుండుట మరియొక తప్పు. అట్టివానికి సంఖ్య ఎట్లున్నను స్కాను కావలసినదే, మందు అంతకుముందే పడవలసినదే.

అనుమానమును తూచుటకు ఉపాయము లేకపోలేదు. కెనడా వైద్యుడు వెల్స్ 1990ల చివర ఒక కొలమానమును కూర్చెను. కాలు వాచినదా, నాడి నిమిషమునకు 100 దాటినదా, ఇటీవల శస్త్రచికిత్స జరిగినదా లేక మంచముపట్టెనా, పూర్వమెన్నడైన గడ్డ వచ్చినదా, దగ్గులో నెత్తురు కనబడినదా, కాన్సరు కలదా, వేరు జబ్బుకంటె ఇదియే సంభవమని తోచుచున్నదా? ఈ ప్రశ్నలన్నియు వైద్యుడు మంచము ప్రక్కన నిలుచుండి అడిగి తెలిసికొనదగినవే. ఒక్క రూపాయియు ఖర్చుగాదు. ఇంగ్లండులో వైద్యమరణములను విచారించు ఎన్‌సెపాడ్ అను సంస్థ 2019లో ఈ వ్యాధిని గురించియే ఒక రిపోర్టు ప్రకటించినది. అనుమానము కలిగిన రోగికి వ్యాధినిర్ణయము ఒక గంటకు మించి ఆలస్యమగునని తోచినచో, అభ్యంతరమేమియు లేనిచో, ముందుగ ఒక మోతాదు మందిచ్చి తరువాత స్కానునకు పంపవలెనని అందలి ముఖ్యమైన సిఫారసు. మా రైతు వాకిట నిలిచినది దాదాపు నాలుగు గంటలు. వేలు ఖరీదుచేయు స్కానునకై వందలు ఖరీదుచేయు సూది ఆగినది.

కాబట్టి మేము కోరునది మొదట ఇదియే. ప్రతి వైద్యశాల అత్యవసర విభాగమునను గోడమీద ఒక కాగితముండవలెను. అందు ఈ నియమము తెలుగులో వ్రాసియుండవలెను. మందు అదే గదిలోని అలమరలో నుండవలెనుగాని, చీటి వ్రాసి బంధువును వీధిచివరి మందుల దుకాణమునకు పరుగెత్తింపరాదు. రోగి బరువునుబట్టి మోతాదు నిర్ణయింపవలసియున్నందున లేవలేనివానిని తూచు సాధనముండవలెను. సొమ్ము తరువాత పుచ్చుకొనవచ్చును. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు, గాయపడి వచ్చినవానికి చికిత్సచేయుట సర్కారు వైద్యునకేగాక ప్రైవేటు వైద్యునకును విధియనియు, లాంఛనములు దానికి అడ్డురారాదనియు తీర్పు చెప్పినది. 1996లో పశ్చిమ బెంగాలు ఖేత్ మజ్దూర్ సమితి కేసులో, సర్కారు ఆసుపత్రి సకాలమున చికిత్స చేయకపోవుట రాజ్యాంగము హామీయిచ్చిన జీవించు హక్కునకు భంగమని చెప్పినది. తీర్పులు గ్రంథములలో నున్నవి. రసీదు గుమాస్తా కిటికీవద్దకు ఇంకను రాలేదు.

రక్తపుపోటు పడిపోయినవాని సంగతి వేరు. వానికి గడ్డకట్టుటను ఆపు మందు చాలదు. కట్టిన గడ్డను కరగించు మందు ఈయవలెను. ఆల్టెప్లేస్, టెనెక్టిప్లేస్, పాతదగు స్ట్రెప్టోకైనేస్ అట్టివి. గుండెపోటునకు వాడునవియు ఇవియే. గుండెపోటు వచ్చినవానికి చిన్నయూరి ఆసుపత్రిలోనే ఈ మందిచ్చి, పెద్దాసుపత్రి వైద్యుని సలహాను దూరమునుండియే పొందు ఏర్పాటు మన రెండు రాష్ట్రములలోను మొదలైయున్నది. టెనెక్టిప్లేస్ 2022 నాటి జాతీయ అత్యవసర ఔషధముల పట్టికలోను చేరినది. అదే తంతిని, అదే మందును, అదే వైద్యుని ఈ రోగికిని ఏల వినియోగింపరాదు? పాడేరు కొండలలోని ఆసుపత్రినుండి విశాఖపట్టణమునకు రోగిని తరలించుటకు గంటలు పట్టును. ఆ గంటలలో జరుగవలసినది కొండమీదనే జరుగవలెను. బోస్టనులోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి 2012లో ఈ వ్యాధికొరకై ఒక దళమును ఏర్పరచినది. పిలుపు రాగానే గుండె, ఊపిరితిత్తులు, నెత్తురు, స్కాను, శస్త్రచికిత్స తెలిసిన వైద్యులు ఒక్కసారిగ మాట్లాడుకొని ఒక్క నిర్ణయము చేయుదురు. దానికి కావలసినది మేడ కాదు. ఒక టెలిఫోను సంఖ్య, రాత్రి రెండుగంటలకు దానిని ఎత్తు ఒక మనిషి. మన బోధనాసుపత్రులలో ఈ విద్యలెరిగినవారందరును కలరు. వారు ఒకరితోనొకరు మాట్లాడుకొనుటయే అరుదు.

ఐతే కరగించు మందును చూచినవారికెల్ల పొడుచుటయు ప్రమాదమే. రక్తపుపోటు నిలకడగనుండి గుండె కుడిగది మాత్రము అలసియున్న 1,005 మందిపై టెనెక్టిప్లేసును పరీక్షించిన పీథో పరిశోధన 2014లో వెలువడెను. మందిచ్చినవారిలో కుప్పకూలుట లేక మరణించుట నూటికి 5.6 నుండి 2.6కు తగ్గినది, కాని పక్షవాతము నూటికి 0.2 నుండి 2.4కు పెరిగినది. మెదడులో నెత్తురు కారుటయే అందు ముఖ్యము. కనుక అట్టివారికి హెపారిన్ ఇచ్చుచు, గంటగంటకు చూచుచు, దిగజారినప్పుడు మాత్రమే కరగించు మందీయవలెనని పెద్దల మతము. గంటగంటకు చూచుటకు నర్సు కావలెను. ముప్పదిమంది రోగులకు ఒక్క నర్సును పెట్టి ఈ మతమును పాటింపుడని శాసించుట హాస్యము.

మా రైతుకు ఆ ఉదయము మందిచ్చినను బ్రతికియుండునని మేము శపథము చేయజాలము. కాని ఆయనకు ఆ ఉదయము రాకుండచేయుటకు అవకాశము చాల కలదు. తుంటి శస్త్రచికిత్స తరువాత గడ్డ రాకుండ 35 దినములవరకు మందీయవచ్చునని అంతర్జాతీయ వైద్యసంఘముల మార్గదర్శకములు చెప్పుచున్నవి. ఆయనకు ఇంటికి పంపిననాడే మానిపించిరి. ఈ విషయమున ఇంగ్లండు నడచిన త్రోవ పరిశీలింపదగినది. 2005లో పార్లమెంటు ఆరోగ్యసంఘము, ఆసుపత్రులలో పుట్టు గడ్డలచేత ఇంగ్లండులో ఏటేట 25,000 మంది చనిపోవుచున్నారను అంచనాను సభముందు పెట్టినది. 2010 నుండి, చేరిన ప్రతి వయోజన రోగిని గడ్డ అపాయమునకై పరీక్షించి కాగితముమీద వ్రాయవలెననియు, నూటికి 90 మందికి అట్లు చేసిన ఆసుపత్రికే పూర్తి ప్రతిఫలమనియు సర్కారు నియమము చేసినది. మొదట సగముమందికైన అట్లు జరుగుటలేదు. రెండేండ్లు తిరుగకముందే 90 దాటినది. ఇంటికి పోయిన 90 దినములలోపల గడ్డ వచ్చినను దానిని ఆసుపత్రి ఖాతాలోనే వ్రాసి కారణము విచారింతురు. మా రైతు పందొమ్మిదవ దినపు మరణము ఇచ్చట ఎవరి ఖాతాలోను లేదు. శస్త్రచికిత్స చేసిన వైద్యుడు తన పని సఫలమైనదనియే నేటికిని తలచుచుండవచ్చును.

సర్కారు సొమ్ముతో చికిత్సచేయు ప్రైవేటు ఆసుపత్రులకు ఇట్టి షరతు పెట్టుట మన ప్రభుత్వములకు కష్టము గాదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైననాటినుండి శస్త్రచికిత్సకు ముందు పటములు, తరువాత పటములు పంపిననేగాని సొమ్ము చెల్లించుటలేదు. ఆ పటములతోపాటు ఒక్కపుట కాగితమును ఏల అడుగరాదు? గడ్డ అపాయమును తూచితిరా, మందిచ్చితిరా, ఈయనిచో కారణమేమి?

ఈయకపోవుటకు న్యాయమైన కారణములుండును. ఈ మందులన్నియు నెత్తురు కారుటను హెచ్చించునవే. కడుపులో పుండున్నవానికి, మెదడులో నెత్తురు కారినవానికి, మూత్రపిండములు చెడినవానికి ఆలోచింపక పొడిచినచో చంపినట్లే. శస్త్రవైద్యులు ఈ భయమున వెనుదీయుదురు. వారి భయము నిష్కారణమని మేము అనము. గాయమునుండి కారు నెత్తురు వారి కంటికి కనబడును. గడ్డచేత చనిపోవువాడు మూడువారముల తరువాత మరియొక ఊరిలో చనిపోవును. కనబడు అపాయమునకు వెరచుట, కనబడనిదానిని మరచుట మానవసహజము. ఒక్కపుట కాగితము ఆ కనబడనిదానిని కంటిముందు పెట్టుటకే. మందీయరానివారికి కాళ్ళను ఆగియాగి నొక్కు గాలితొడుగులు కలవు. అవియు లేనిచోట రోగిని పెందలకడ లేపి నడిపించుట కలదు.

ఈ కడపటిదానియందు తప్పు ఆసుపత్రిదే కాదు, మనది. శస్త్రచికిత్స జరిగినవానిని కదలనీయకుండుటయే ప్రేమయని మనవారి నమ్మకము. నర్సు లేపవచ్చిన తల్లులు అడ్డుపడుదురు. బాలింతను మంచము దిగనీయకుండుట, చలువచేయునని చెంబెడు నీరు సైతము కొలిచి యిచ్చుట ఇప్పటికిని పోలేదు. గర్భిణికిని, బాలింతకును నెత్తురు సహజముగనే గడ్డకట్టు స్వభావము కలది. ప్రసవకాలపు రక్తస్రావమునుండి తల్లిని కాపాడుటకు ప్రకృతి చేసిన ఏర్పాటది. ఆ పైన కడుపుకోత, కదలిక లేమి, నీటి కొరత తోడైనచో ఏమగునో చెప్పనక్కరలేదు. తెలుగునాట కడుపుకోత కానుపులు ఎంత హెచ్చినవో పాఠకులకు తమ ఇండ్లలోనే తెలియును. బ్రిటనులో 2003-05 నడుమ గర్భిణులు, బాలింతలు 41 మంది గడ్డలచేత చనిపోగా, అపాయమును ముందుగ తూచి మందిచ్చు పద్ధతిని 2004లో అచ్చటి ప్రసూతివైద్య కళాశాల ప్రకటించిన తరువాత, 2006-08 నడుమ ఆ సంఖ్య 18కి దిగినది. మన పిల్లలకు ఆ పద్ధతి ఏల పనికిరాదు? ఇక వాచిన పిక్కకు నూనె మర్దనము. రెండు పిక్కలు ఉబ్బినది వేరు. ఒక్కటియే ఉబ్బి, వేడిగ, నొప్పిగ నున్నచో దానిని నలుపరాదు. నలిపిన గడ్డ తెగి కదలవచ్చును. కాలికి డాప్లరు పరీక్ష చేయించువరకు చేయి పెట్టరాదు. ఈ మాటను మేము ఎవరినో నిందించుటకు వ్రాయుటలేదు. ఆ రైతు భార్య మూడు రాత్రులు మేలుకొని భర్త కాలు పిసికినది. ఇంటికి పంపునాడు ఒక్కరు ఆమెకు ఈ ఒక్క మాట చెప్పియుండిన చాలును.

చెప్పుటయనునది మన ఆసుపత్రులలో చికిత్సగ ఎన్నబడుటలేదు. బ్రతికి బయటపడినవాని గతియు అంతే. ఈ వ్యాధికి మందు కనీసము మూడు మాసములు వాడవలెను. ఆయాసము తగ్గగనే మానువారు పలువురు. వార్ఫరిన్ వాడువానికి నెత్తురు పరీక్ష మరలమరల చేయింపవలెను. ఆకుకూరలు ముట్టవద్దని అతనికి చెప్పి పంపుచుందురు. గోంగూర, తోటకూర లేని తెలుగు భోజనమేమి? అతడు నెలరోజులు మాని, తరువాత ఒక్కసారిగ తినును; మందు పట్టు తప్పును. మానుట కాదు, ఎప్పుడును ఒక్కతీరుగ తినుట కావలెను. కొత్తగ వచ్చిన రివరాక్సబాన్, ఆపిక్సబాన్ మాత్రలకు ఈ చిక్కు లేదు. 2013లో వెలువడిన యాంప్లిఫై పరిశోధనలో పెనురక్తస్రావము పాతపద్ధతిలో నూటికి 1.8 కాగా ఆపిక్సబాన్‌తో 0.6 మాత్రమే. పేటెంటు గడువులు తీరి దేశీయ కంపెనీలు చేయుటచే వాని ధర మధ్యతరగతికి అందుబాటునకు వచ్చినది. గర్భిణులకు మాత్రము ఈ మాత్రలు పనికిరావు. వారికి హెపారిన్ జాతి సూదియే గతి. మందు వాడినను కొందరికి, నూటికి ఇద్దరు ముగ్గురికి, గడ్డ కరగక మిగిలి ఆయాసము స్థిరపడును. అట్టిదానికి శస్త్రచికిత్స కలదు. మూడుమాసముల తరువాత రోగిని తిరిగి పిలిచి చూచినగదా ఆ ఇద్దరు ముగ్గురెవరో తెలియుట!

రోగి మాట వినుటను గురించి ఒక్క ఉదాహరణము. ప్రఖ్యాత టెన్నిస్ క్రీడాకారిణి సెరీనా విలియమ్స్‌కు 2011లోనే ఈ వ్యాధి వచ్చియుండెను. 2017లో కడుపుకోత కానుపైన మరునాడు ఆయాసము రాగా, తనకు స్కాను తీయవలెననియు హెపారిన్ ఈయవలెననియు ఆమెయే చెప్పినది. నొప్పిమందు మత్తున పలవరించుచున్నదని నర్సు తలచినదట. మొదట కాళ్ళకు పరీక్ష చేసిరి, ఏమియు కనబడలేదు. కడకు స్కాను తీయగా ఊపిరితిత్తులలో గడ్డలు కనబడినవి. ధనమును, కీర్తియు, తన వ్యాధిని గూర్చిన జ్ఞానమును గలిగిన ఆమెకే మాట నెగ్గించుకొనుట ఇంత కష్టమైనచో, మన పల్లెటూరి బాలింత "ఊపిరాడుటలేదు, అమ్మా" అన్నప్పుడు "అది భయములే, పడుకో" అను జవాబు వచ్చుటలో వింతలేదు.

మన జిల్లాలలో దాతలకు కొదువలేదు. తండ్రి పేర వార్డు, తల్లి పేర మంటపము, ద్వారమున నల్లరాతి ఫలకము, మంత్రిగారి చేత ప్రారంభోత్సవము జరుగుచునే యున్నవి. వార్డులు కావలసినవే. కాని చేతిలో పట్టుకొని మంచమువద్దకు తీసికొనిపోదగిన గుండె స్కాను యంత్రము ఒక్కటి, రాత్రివేళ దానిని వాడనేర్చిన వైద్యునకు శిక్షణ, లేవలేనివానిని తూచు మంచము, కాళ్ళ గాలితొడుగులు పది జతలు, ఏడాదికి సరిపోవు సూదిమందు, ఇవి ఒక వార్డు గోడలకయ్యెడి వ్యయముకంటె తక్కువలోనే రాగలవు. వీనిమీద పేరు చెక్కుటకు చోటు కొంచెమే. ఈ పంటకాలమున తమ ఊరి ఆసుపత్రికి ఏమియీయవలెనని యోచించుచున్న భూస్వాములు, వర్తకులు ఆ ఆసుపత్రి సూపరింటెండెంటును కలిసి ఈ పట్టికను అడుగుదురుగాక.

మేము పైన చెప్పిన ఒక్కపుట కాగితమును ఇప్పటికే తెలుగులో తయారుచేసి వాడుచున్న వైద్యశాల ఏదైన నున్నచో, సర్కారుదైనను ప్రైవేటుదైనను, దాని ప్రతిని మాకు పంపవలెనని కోరుచున్నాము. ఈ పుటలోనే అచ్చువేయుదుము. ఆ రైతు కుమారుడు తన రెండు కాగితములను తిరిగి ఇమ్మని అడుగలేదు. అవి మావద్దనే యున్నవి.